గడపలో నిలబడినవాళ్ళకు ఎంత పెట్టాలి?

పెరటాసి నెల వచ్చిందంటే పెద్దపంజాణి చుట్టుపక్కల పల్లెల్లో శనివారం పొద్దున్నే వీధుల్లో గోవిందనామం వినిపిస్తుంది. తలకు పోసుకుని, నుదుట మూడు నామాలు దిద్దుకుని, నామాలు పెట్టిన ఇత్తడి చెంబు చేతబట్టుకుని పిల్లలు ఇద్దరూ ముగ్గురూ కలిసి ఇల్లిల్లూ తిరుగుతారు. గడప ముందర నిలబడి ‘గోవిందా గోవింద’ అని గొంతెత్తుతారు. ఇంటావిడ లోపలినుంచి బియ్యం తెచ్చి చెంబులో పోస్తుంది. అలా ఎత్తిన బియ్యం వండి స్వామికి నైవేద్యంగా తళిగ వేస్తారు, ఆ తర్వాత అందరూ కూర్చుని తింటారు. సెప్టెంబరు మధ్యనుంచి అక్టోబరు మధ్యదాకా వచ్చే ఈ నాలుగైదు శనివారాలను మా వైపు తిరుమల శనివారాలంటారు. అటు తమిళ సీమ, ఇటు కన్నడ సీమ రెండూ దగ్గర కావడంతో పలమనేరు, కుప్పం వైపు ఆడి, పెరటాసి లాంటి నెలల పేర్లు ఇంకా నోళ్ళలో నానుతున్నాయి.

ఆ శనివారాలు ముగిసిన రెండు వారాలకు, అక్టోబరు 31 సాయంత్రం, మనవైపునుంచి వెళ్ళి టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో కాపురముంటున్నవాళ్ళ గడపల్లో ఇంకో పిల్లలగుంపు నిలబడుతుంది. అది హాలోవీన్. నామాలకు బదులు దయ్యాల వేషాలు, చెంబుకు బదులు సంచి, బియ్యానికి బదులు చాక్లెట్లు. ఆ ఇంటి ఇల్లాలు పడే ఆలోచన మాత్రం ఇక్కడ చేటలో బియ్యం పోసుకుని కూర్చున్న అవ్వ పడే ఆలోచనే. ఎంతమంది వస్తారు? ఒక్కొక్కరికి ఎంత పెట్టాలి? చివరిదాకా చాలుతాయా?

చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. మనం ఏడాది పొడుగునా దీన్ని ఎదుర్కొంటూనే ఉంటాం. దసరాకు, సంక్రాంతికి, వినాయక చవితికి, పీర్ల పండక్కి, గంగజాతరకు ఎవరో ఒకరు గడపలోకి వస్తారు. చెయ్యి లోపలికి పోయి ఎంతో కొంత తీసుకుని బయటికి వస్తుంది. ఆ ‘ఎంతో కొంత’ను మనం తీరిగ్గా ఆలోచించింది తక్కువ. నాకు తోచింది ముందే చెబుతాను. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు ఎందుకు వచ్చారో చూసి ఎంతన్నది తేల్చుకోవాలి. పిల్లలు వచ్చినప్పుడు ఏదీ చూడకూడదు, మొదటి బిడ్డకు ఎంతో చివరి బిడ్డకూ అంతే. ఇందుకు కారణాలు మన ఆచారాల్లోనే ఉన్నాయి. వాటిలో నిలబెట్టుకోదగ్గవి ఏవో, వదిలించుకోవలసినవి ఏవో కూడా చూడాలి.

ముందు చెంబు సంగతి. చారెడు బియ్యం తూకం వేస్తే అటూ ఇటూగా 50 గ్రాములు ఉంటాయి. లీటరు నీళ్ళు పట్టే చెంబులో బియ్యం 800 గ్రాములదాకా పడతాయి. అంటే పదహారిళ్ళు చారెడేసి పోస్తే చెంబు నిండుతుంది. అన్ని బియ్యంతో ఏడెనిమిది మంది కడుపు నిండా తినొచ్చు. ఇచ్చేవాళ్ళ వైపునుంచి చూద్దాం. ఒక శనివారం ఇరవై చెంబులు వచ్చాయనుకుంటే కిలో బియ్యం ఖర్చు. నాలుగు శనివారాలకు నాలుగు కిలోలు. రేషన్ కార్డుమీద మనిషికి నెలకు వచ్చేది 5 కిలోలు. కూలి చేసుకుని బతికే ఇంటికి ఈ లెక్క తేలిక కాదు, అయినా భరించలేనంతదీ కాదు. చారెడు దాటి దోసెడు పోస్తే ఆ ఇల్లు రెండో శనివారానికే తలుపు వేసుకోవలసి వస్తుంది. చిటికెడు వేస్తే చెంబు నిండదు, పిల్లలు ఊరంతా తిరిగినా తళిగకు చాలవు. ఈ లెక్క ఎవరూ కాగితంమీద వేయలేదు. ఏ ఇంటిమీదా భారం పడకుండా, వీధి మొత్తంమీద చెంబు నిండేలా కొలత తనంతట తాను చారెడు దగ్గర ఆగింది.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటుంది. తిరుమల శనివారం చెంబు పట్టుకునేది బియ్యం లేని ఇంటి పిల్లలే అనుకుంటే పొరపాటు. మొక్కు ఉన్న ఇంట్లో ఎంత ఆస్తి ఉన్నా ఆ రోజు భిక్షమెత్తాల్సిందే. మూడిళ్ళో ఐదిళ్ళో ఏడిళ్ళో అడుక్కున్న బియ్యం కలవందే ఆ వంటకు ఫలం లేదంటారు. నిరుడు పోసిన ఇంటివాళ్ళ పిల్లలే ఈ ఏడు వచ్చి అడుగుతారు. అలా అడగడం, పెట్టడం చేతులు మారుతూ ఉంటాయి గనక ఎవరికీ చిన్నతనం ఉండదు. రాయలసీమలో మొహర్రం నాడు పిల్లల్ని ఫకీర్లను చేసి ఇల్లిల్లూ తిప్పే మొక్కు కూడా ఇలాంటిదే. దాంట్లో హిందువుల ఇళ్ళ పిల్లలూ ఉంటారు. ఇలా మొక్కుకోసం వచ్చినవాళ్ళ విషయంలో ఎంతన్నది నిజానికి ప్రశ్నే కాదు. పది గింజలు వేసినా మొక్కు చెల్లుతుంది. కాదనకుండా వేయడం ఒక్కటే ముఖ్యం. మైల ఉన్న ఇంటివాళ్ళు మాత్రం వేయరు. అది తెలిసిన పిల్లలు ఆ గడప తొక్కకుండా ముందుకు పోతారు.

దసరాది వేరే దారి. వీధిబడుల కాలంలో పంతులుగారు పిల్లల్ని వెంటబెట్టుకుని, వాళ్ళ చేతికి రంగు కాగితాలతో చేసిన గిలకలూ విల్లంబులూ ఇచ్చి, పద్యాలు పాడిస్తూ ఊరంతా తిప్పేవారు. ఆ దసరా పద్యాల్లోనే కొలత కూడా చెప్పేశారు. అయ్యవారికి ఎంత రొక్కం ఇవ్వాలో, పిల్లలకు ఏం పెట్టాలో పాటే అడుగుతుంది. పంతులుకు జీతం లేని రోజులవి. ఏడాది కష్టానికి దసరా మామూలే పెద్ద రాబడి. పిల్లలకేమో వేయించిన శనగపప్పు, బెల్లం. పెద్దాయనకు బతుకుతెరువు, పిల్లలకు సంబరం. రెండూ ఒకే గడప ముందు, ఒకే పాటలో, రెండు వేరు కొలతలతో. పిల్లలు ఎందరున్నా ఒక్కొక్కరికి దక్కేది గుప్పెడు పప్పుబెల్లాలే. కరణంగారి అబ్బాయికి ఎక్కువ, కాపు పిల్లవాడికి తక్కువ అని ఆ పాటలో లేదు. మనం మర్చిపోయినవాటిలో మళ్ళీ తెచ్చుకోదగ్గది ఇదేనని నా నమ్మకం.

తెలుగు నేలమీద ఇల్లిల్లూ తిరిగే పిల్లల ఆటలు ఇంకా ఉన్నాయి. తెలంగాణలో కాముని పున్నమికి కోలలు కొడుతూ జాజిరి పాడుకుంటూ వస్తారు. వానలు పడకపోతే రోకలికి కప్పను కట్టుకుని కప్పతల్లి ఆట ఆడుతూ తిరుగుతారు, ఇంటివాళ్ళు కప్పమీద బిందెడు నీళ్ళు పోసి గింజలు పెడతారు. సంక్రాంతి నెలలో గొబ్బి తట్టే ఆడపిల్లలు వస్తారు. వీటన్నిట్లోనూ ఇంటికింతని ఒక పద్ధతి ఉంది, దాన్ని ఎవరూ గట్టిగా దాటరు. వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ళ కథలు మన పెద్దల జీవితచరిత్రల్లో కొల్లలు. వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో భోజనం. ఒక ఇల్లు ఒక కుర్రవాడిని పూర్తిగా సాకలేదు, ఏడిళ్ళు కలిస్తే తేలిగ్గా సాకగలవు. ఈ లెక్క ఎంత దూరం పోగలదో చూడాలంటే మిజోరం చూడాలి. అక్కడి ఇళ్ళల్లో ఆడవాళ్ళు వంటకు బియ్యం తీసుకున్నప్పుడల్లా ఒక గుప్పెడు పక్కన పెట్టి చర్చికి ఇస్తారు. బుహ్‌ఫాయి థామ్ అంటారు దాన్ని. 1910లో మొదలైన ఆ గుప్పెడు బియ్యంమీద ఇవాళ కోట్ల రూపాయల పనులు నడుస్తున్నాయి.

అయితే మన ఆచారాల్లో ఉన్నదంతా మంచే అని రాస్తే అబద్ధమవుతుంది. గడపలో పెట్టే చెయ్యి ఎవరికి ఎంత దగ్గరికి వచ్చేదో కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కళ్ళంలో మేర అని ఒక పద్ధతి ఉండేది. పంట నూర్చిన రోజున చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, తోటి అందరికీ ఇన్ని చేటలని, ఇన్ని పడులని గింజలు కొలిచేవారు. కొలత ఖాయంగా ఉండేది గనక ఆ కాలంలో అది ఒక భరోసా అన్నమాట నిజమే. ఆ కొలత కులాన్ని బట్టి ఉండేదన్నదీ నిజమే. ఏడాదంతా చేసిన చాకిరీకి రావలసినదాన్ని దానమన్నట్టు పైనుంచి ఒంపేవారు, తీసుకునేవాళ్ళు ఒడి పట్టేవారు. పండగనాడు మాలపల్లె, మాదిగపల్లె పిల్లలు ఊళ్ళోకి వస్తే వాకిట్లోకి రానివ్వకుండా వీధిలోనే నిలబెట్టి, తగలకుండా ఎత్తునుంచి పోసేవారు. తక్కిన పిల్లలకు గడపలో, వాళ్ళకు దిబ్బ పక్కన. తక్కిన పిల్లలకు అప్పుడే వండింది, వాళ్ళకు మిగిలింది. బియ్యం గింజల్లో తేడా లేకపోయినా ఆ దూరంలో తేడా ఉంది, ఆ బిడ్డకు అది అర్థమయ్యేది. ఇప్పుడు ఊళ్ళల్లో ఇది పూర్తిగా పోయిందని గట్టిగా అనలేను. అందుకే పిల్లలందరికీ ఒకే కొలత అన్నమాటలో నేను మూడు కలుపుతున్నాను: ఒకే వస్తువు, ఒకే పరిమాణం, నిలబడేందుకు ఒకే చోటు. మూడోది లేకపోతే మొదటి రెండూ ఉండీ ఉపయోగం లేదు.

ఇక బతుకుతెరువు కోసం వచ్చేవాళ్ళు. గంగిరెద్దులవాళ్ళు, బుడబుక్కలవాళ్ళు, దాసర్లు, జంగాలు. సంక్రాంతి నెల పెట్టగానే పుంగనూరు, మదనపల్లె వీధుల్లో సన్నాయి వినబడుతుంది. అనపకాయలు ఒలుస్తూ వాకిట్లో కూర్చున్నవాళ్ళు తలెత్తి చూస్తారు. వీళ్ళకూ మనం పిల్లలకు వేసినట్టే చారెడు బియ్యమో రెండు రూపాయల బిళ్ళో వేసి పంపిస్తున్నాం. నాకు ఇది సరైనదిగా తోచదు. ఆ ఎద్దు ముందు కాళ్ళు మడిచి దండం పెట్టేది మన వాకిట్లో నిలబడ్డ రెండు నిమిషాల్లో నేర్చుకున్నది కాదు. దానికి మేత ఏడాది పొడుగునా కావాలి, రాబడి ఉండేది నెలా నెలన్నర.

లెక్క వేసి చూద్దాం. మన రాష్ట్రంలో 2025-26లో ఉపాధి హామీ పనికి రోజు కూలి 307 రూపాయలు. ఎద్దుతోపాటు ఇద్దరు మనుషులుంటారు, ఒకరు ఆడించడానికి, ఒకరు సన్నాయికి. ఇద్దరి కూలీ కలిపితే 614. పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా నిలబడి ఆడించుకుంటూ పోతే అరవై ఇళ్ళు తిరగగలరనుకుందాం. ఇంటికి పది రూపాయలు పడితే 600. అంటే పది రూపాయలిస్తే మట్టి తవ్వే కూలీ గిట్టినట్టు, ఎద్దు మేతకు ఇంకా ఏమీ లేనట్టు. రెండు రూపాయలిస్తే ఇద్దరికీ కలిపి 120. నెల జీతం వచ్చే ఇల్లు ఇరవైకి తగ్గకుండా ఇవ్వాలని, కూలి చేసుకునే ఇల్లు ఎప్పటిలా చారెడు గింజలు వేస్తే చాలని నేననుకుంటాను. ఆ కళ ఉండాలని కోరుకునేవాళ్ళం ఆ కళకు కూలి ఇవ్వాలి. గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు బీసీ-ఏ జాబితాలో ఉన్నారు గానీ, ఒకచోట నిలిచి ఉండే బతుకు కాకపోవడంతో కులధ్రువీకరణ పత్రం తెచ్చుకోవడమే వాళ్ళల్లో చాలామందికి పెద్ద పని. వాళ్ళ పిల్లలు బడి మానేసి వెంట తిరగడం ఇంకో బాధ. అందుకే వెంట వచ్చిన పిల్లవాడి చేతిలో డబ్బు పెట్టకుండా పెద్దవాళ్ళకే ఇవ్వడం మంచిది. పిల్లల చేత అడుక్కు తినిపించడం 2015 బాలల న్యాయచట్టం ప్రకారం శిక్షపడే నేరం. పిల్లవాడి చేతికి ఎక్కువ దక్కుతుందని తేలితే రేపు బడికి పంపరు.

‘చిల్లర లేదు’ అనే మాట ఇక చెల్లదు. 2021 నవంబరులో కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఒక వీడియో పంచుకున్నారు. గంగిరెద్దు నుదుటిమీద క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతోంది, ఎవరో ఫోన్‌తో దాన్ని స్కాన్ చేసి డబ్బు పంపుతున్నారు. చాలామంది దాన్ని వింతగా చూశారు. నాకు అందులో కనిపించింది వేరు. నోటూ బిళ్ళా పోయి అంకె వచ్చాక, ఎంత ఇవ్వాలో ఇచ్చేవాళ్ళే టైప్ చేయాలి. జేబులో చెయ్యికి ఏది తగిలితే అది వేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఒక్క క్షణం ఆగి ఆలోచించక తప్పదు.

వినాయక చవితి చందా గురించి ఎక్కువ చెప్పను. రసీదు పుస్తకంలో ముందే అంకె వేసుకుని వచ్చి, పక్కింటివాళ్ళు ఇంత రాశారని చూపించి, రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి తీసుకునేది అడగడం కాదు, వసూలు. అక్కడ ఎంతన్నది మీ చేతిలో ఉండదు గనక ఈ చర్చలో దానికి చోటు లేదు. ఒక్కటి మాత్రం అడగొచ్చు, నిమజ్జనం అయ్యాక లెక్క గోడకు అంటించమని.

మళ్ళీ పిల్లల దగ్గరికి వస్తాను. వేషం వేసుకున్న పిల్లలు ఇల్లిల్లూ తిరిగి తీపి అడిగే హాలోవీన్‌ను చూసి మనవాళ్ళు కొత్తగా అనుకుంటారు గానీ, వేషం మనకు కొత్త కాదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వరసగా వేస్తారు. ఊరి ఆడపిల్లల్ని చెరబట్టిన పాలెగాడిని వెతికి పట్టుకోవడానికి గంగమ్మే అలా వేషాలు మార్చిందని కథ. పిల్లలకూ ఆ వేషాలు వేయించి మొక్కు తీర్చుకుంటారు. వేషం వేసుకున్న పిల్లవాడు ఆ పూట మామూలు పిల్లవాడు కాదన్న భావం అక్కడా ఇక్కడా ఉంది.

అమెరికాలో ఈ ‘ఎంత’ను శాస్త్రంగా కూడా చూశారు. చూసినవాళ్ళు పిల్లల గురించి కొన్ని మంచి సంగతులు కనిపెట్టారు. ఎడ్ డీనర్, ఆయన తోటివాళ్ళు సియాటెల్‌లో 27 ఇళ్ళల్లో హాలోవీన్ నాడు చేసిన పరిశీలన 1976లో అచ్చయింది. 1,352 మంది పిల్లలు వచ్చారు. ఇంటావిడ ‘ఒక్కటి తీసుకో’ అని చెప్పి లోపలికి వెళ్ళిపోతుంది, దాగి ఉన్నవాళ్ళు గమనిస్తారు. పేరు చెప్పకుండా గుంపుగా వచ్చిన పిల్లల్లో నూటికి 57 మంది ఎక్కువ తీసుకోవడమో పక్కనున్న చిల్లర తీసుకోవడమో చేశారు. పేరు అడిగించుకుని ఒంటరిగా వచ్చినవాళ్ళలో అలా చేసింది నూటికి ఏడెనిమిది మంది. పల్లెలో పెరిగినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. ‘ఎవరి బిడ్డవు నాయనా?’ అని అడక్కుండా మా వైపు ఏ అవ్వా బియ్యం పోయదు. ఆ ప్రశ్న అనుమానంతో అడిగేది కాదు, ఆప్యాయంగా అడిగేది. ఆ పలకరింపులోనే పిల్లవాడు గుంపులోనుంచి వేరుపడి ఒక ఇంటి బిడ్డగా నిలబడతాడు. అందుకే గిన్నెనిండా చాక్లెట్లు పోసి ‘ఒక్కటి తీసుకోండి’ అని చీటీ పెట్టి తలుపు వేసుకునే పద్ధతి నాకు నచ్చదు. మొదట వచ్చిన నలుగురు పెద్ద పిల్లలు ఊడ్చుకుపోతే, ఎనిమిదింటికి వచ్చిన మూడేళ్ళ పాప ఖాళీ గిన్నె చూసి వెనక్కి పోతుంది. ఇంట్లో ఉండి చేత్తో పెట్టలేనివాళ్ళు అరుగుమీద దీపం ఆర్పేసుకోవచ్చు. ఈ ఇంటికి రావద్దని దానర్థం అక్కడి పిల్లలందరికీ తెలుసు.

రెండో పరిశీలన ఎంత ఎక్కువ పెడితే అంత సంతోషమన్న నమ్మకాన్ని దెబ్బ కొట్టింది. న్యూహ్యాంప్‌షైర్‌లోని డార్ట్‌మత్ కాలేజీలో జార్జ్ వుల్ఫర్డ్, ఆయన విద్యార్థులు చేసిన పని 2008లో వచ్చింది. కొందరు పిల్లలకు పెద్ద హెర్షీ చాక్లెట్ ఇచ్చి ఊరుకున్నారు. కొందరికి అదే చాక్లెట్ ఇచ్చి, తర్వాత ఒక చూయింగ్ గమ్ కూడా ఇచ్చారు. రెండు దొరికినవాళ్ళకంటే ఒక్కటి దొరికినవాళ్ళే ఎక్కువ సంతోషపడ్డారు. చివర చేతిలో పడ్డది ముందు పడ్డదానికంటే తక్కువరకం అయితే మొత్తం చప్పబడుతుందన్నమాట. అంటే సంచి బరువు పెంచడానికి నాలుగు రకాల చవక చాక్లెట్లు కలిపి వేయడంకంటే, ఒక మంచి వస్తువు పెట్టి ఆగడమే మేలు. మన పప్పుబెల్లాలకూ ఇదే వర్తిస్తుంది. అరచేతిలో పట్టే ఒక చెనక్కాయ ఉండ, లేదా వేయించిన పప్పు, బెల్లం ఒక పొట్లం. దానిమీద మళ్ళీ రూపాయి చాక్లెట్ ఒకటి పెట్టనక్కర్లేదు.

తీపే పెట్టాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. 2003లో యేల్ పరిశోధకులు కనెటికట్‌లో కొన్ని ఇళ్ళముందు రెండు పళ్ళాలు పెట్టారు, ఒకదాంట్లో చాక్లెట్లు, ఇంకోదాంట్లో చిన్న చిన్న బొమ్మలు. వచ్చిన 284 మంది పిల్లల్లో దాదాపు సగం మంది బొమ్మలే తీసుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం పైనుంచి కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాములకు లోపు ఉంటే మంచిది. చిన్న చాక్లెట్లు మూడు తింటే అది నిండుతుంది. బెల్లానికీ ఈ లెక్క వర్తిస్తుంది, మన బెల్లం కదా అని మినహాయింపు లేదు. ఒక ఇల్లు పెట్టేది చూస్తే చిన్నదే, ముప్పై ఇళ్ళు పెట్టేది కలిపితే చిన్నది కాదు. 2023లో హాలోవీన్‌కు అమెరికావాళ్ళు మిఠాయిలమీద 360 కోట్ల డాలర్లు పెడతారని అక్కడి చిల్లర వ్యాపారుల సమాఖ్య అంచనా వేసింది. ఇంత కొనేది ఎక్కువగా భయంవల్లే అని నాకనిపిస్తుంది, అయిపోతాయేమోనన్న భయం, పక్కింటివాళ్ళకంటే తక్కువైతే ఎలా అన్న భయం.

ఆ భయానికి మందు పల్లెలో ఎప్పుడో ఉంది. నిరుడు ఎన్ని చెంబులు వచ్చాయో ఇంటి పెద్దావిడకు గుర్తుంటుంది. దానికి పది కలుపుకుని పొద్దున్నే బియ్యం వేరే చేటలో పోసి గడప పక్కన పెట్టుకుంటుంది. ఆ చేట ఖాళీ కావస్తుంటే చారెడు కాస్త తగ్గుతుందేమో గానీ చివరి చెంబుకు లేదనదు. ఫ్రిస్కోలోనూ ఇదే చేయొచ్చు. నిరుడు వచ్చినవాళ్ళ లెక్క రాసి పెట్టుకోవాలి, అంతమందికీ పదిమంది ఎక్కువకూ తలా ఒకటి. మొదటి గంటలో వచ్చినవాళ్ళకు గుప్పిళ్ళతో పోసి, ఆఖరున ఇంట్లో మిగిలిన బిస్కెట్లు వెతుక్కోవడం పనికిరాదు. ముందే తేల్చుకున్న కొలత ఉన్న ఇంట్లో, ఎదురుగా ఉన్నది బంధువుల పిల్లవాడా, తెలియని పిల్లవాడా అని చెయ్యి తడబడదు.

అక్కడి మనవాళ్ళకు ఒక జాగ్రత్త చెప్పాలి. చెనక్కాయ మనకు రోజూ తినే తిండి. మా జిల్లాలో చెనక్కాయ పండని పల్లె తక్కువ. అమెరికాలో కొందరు పిల్లలకు ఆ గింజ కాస్త తిన్నా ఊపిరాడదు. ఫుడ్ అలర్జీల సంస్థ ఒకటి 2014లో దేశమంతటా పిలుపునిచ్చి, నీలిఆకుపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ గడపలో పెడితే ఆ ఇంట్లో తిండి కాని వస్తువులు కూడా దొరుకుతాయని గుర్తుగా నేర్పింది. ఇంట్లో చేసిన పప్పుండలు ప్రేమతోనే పెడతాం. ఆ ఊళ్ళో పొట్లంమీద ఏమున్నాయో రాసి ఉన్నదే పెట్టాలి. మిఠాయిల్లో విషం పెడతారన్న పుకారు మాత్రం నమ్మనక్కర్లేదు. జోయెల్ బెస్ట్ అనే సమాజశాస్త్రవేత్త 1958నుంచి వచ్చిన వార్తలన్నీ జల్లెడ పట్టి, ముక్కూ మొహం తెలియనివాళ్ళు హాలోవీన్ మిఠాయిలో విషం పెట్టి పిల్లల్ని చంపిన ఉదంతం ఒక్కటీ దొరకలేదని తేల్చారు. 1974లో టెక్సస్‌లో ఒక పిల్లవాడు అలా చనిపోయాడు గానీ, ఆ విషం పెట్టింది బీమా డబ్బుకోసం ఆశపడ్డ కన్నతండ్రే.

ఇప్పుడు తిరుమల శనివారాలూ హాలోవీనూ ఒకచోట కలుస్తున్నాయి. పలమనేరు, పుంగనూరు, కుప్పంనుంచి పనికోసం వెళ్ళినవాళ్ళు బెంగళూరు అపార్టుమెంట్లలో ఉంటున్నారు. అక్కడా, హైదరాబాదు గేటెడ్ కమ్యూనిటీల్లోనూ అక్టోబరు 31న పిల్లలు వేషాలు వేసుకుని ఫ్లాటు ఫ్లాటుకూ తిరుగుతున్నారు. ఏ ఫ్లాటువాళ్ళు తలుపు తీస్తారో, ఎన్ని చాక్లెట్లు తేవాలో ముందే జాబితా వేసుకుంటున్నారు. పద్ధతిగా చేసుకోవడం మంచిదే. ఈ పండగ మనది కాదని పోట్లాడే పని నాకు లేదు. పిల్లలు వీధిలోకి వచ్చి పక్కింటి తలుపు తట్టే అలవాటు ఏ పేరుతో నిలిచినా నాకు సంతోషమే. నేను అడిగేది ఆ జాబితా గురించే. అందులో ఫ్లాట్లవాళ్ళ పిల్లల పేర్లే ఉంటాయి. కింద వాచ్‌మన్ గదిలో ఉండే ఇద్దరు పిల్లలు, పనికి వచ్చే ఆమె వెంట తెచ్చుకునే పాప, ఇస్త్రీ బండి దగ్గర ఆడుకునే పిల్లవాడు అందులో ఉండరు. వాళ్ళకు మర్నాడు పొద్దున మిగిలినవి ఒక కవర్లో వేసి ఇస్తారు. వాళ్ళ పేర్లనూ ఆ జాబితాలోనే, తక్కినవాళ్ళతోపాటే రాయాలి. ఆ సాయంత్రమే వాళ్ళకూ ఒక వేషం కట్టి, లిఫ్టు ఎక్కించి, అదే తలుపు ముందు తక్కిన పిల్లల పక్కన నిలబెట్టి, అదే చాక్లెట్టు చేతిలో పెట్టాలి. నలుగురు పిల్లలు పెరిగితే ఒక ఇంటికి పెరిగే ఖర్చు ఇరవై నలభై రూపాయలు. సంఘం సమావేశంలో ఈ మాట ఎత్తడానికి ఒక్క మనిషి చాలు, ఈ ఏడు అది మన ఊరినుంచి వెళ్ళినవాళ్ళలో ఎవరైనా ఎత్తాలని నా కోరిక.